హెచ్ఐవితో జీవించేవారికి తోటివారి తోడు: విశాఖపట్నంలో ఈ పనికి పూనుకునేవారి కోసం

హెచ్ఐవి ఉందని కొత్తగా తెలిసిన మనిషికి, అదే పరిస్థితిని ఎదుర్కొని నిలదొక్కుకున్న మరొకరు తోడుగా ఉండటాన్నే తోటివారి మద్దతు అంటున్నాం. ఏఆర్‌టి (హెచ్ఐవిని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రాల్లోనూ సంరక్షణ కేంద్రాల్లోనూ ఈ పని చేసేవారిని పీర్ కౌన్సెలర్లని పిలుస్తారు. ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా, తెలిసినవారు అడిగితే వెళ్లి ఓ గంట కూర్చుని వచ్చేవారు కూడా మన ఊళ్లో ఉన్నారు. ఈ ఇద్దరికీ పనికొస్తాయనుకున్న విషయాలను, నేనూ హెచ్ఐవితో జీవిస్తూ విశాఖపట్నంలో ఈ పనిలోనే ఉన్నాను కనుక, వివరంగా రాస్తున్నాను.

1994 డిసెంబర్ 1న ప్యారిస్‌లో జరిగిన ఎయిడ్స్ శిఖరాగ్ర సమావేశంలో 42 దేశాలు, హెచ్ఐవితో జీవించేవారికి ఈ వ్యాధిపై జరిగే కృషిలో మరింత భాగస్వామ్యం కల్పిస్తామని ప్రకటించాయి. ఆ ప్రకటనకు మన వీధుల్లో, మన ఇళ్లలో ఏమి అర్థమున్నదో ఈ పనిలోకి దిగాక తెలుస్తుంది. డాక్టరు మందు రాస్తారు, కౌన్సెలరు ఆ మందు ఎందుకు వేసుకోవాలో చెబుతారు. అయితే అత్తగారూ ఆడపడుచులూ ఉన్న రెండు గదుల ఇంట్లో ఆ సీసా ఎక్కడ పెట్టుకోవాలో, పెళ్లికి వెళ్లి మూడు రోజులు చుట్టాల ఇంట్లో ఉండవలసి వస్తే రాత్రి మాత్ర ఎవరి కంటా పడకుండా ఎలా వేసుకోవాలో చెప్పగలిగేది ఆ ఇబ్బంది పడినవారే. ధైర్యం ఎవరైనా చెప్పగలరు. మందు ఒక్క రోజు కూడా తప్పకుండా సాగేలా ఇటువంటి ఏర్పాట్లు కుదిర్చిపెట్టడమే మన అసలు పని అని నా నిశ్చితాభిప్రాయం.

పనికి ముందు మీ సంగతి

మీ చికిత్స స్థిరంగా ఉండాలి. మందులు మానేసి తిరిగే మనిషి ఇంకొకరికి మందుల గురించి చెప్పడం నిలవదు, ఎదుటివారు ఆ సంగతి పసిగట్టడానికి ఎంతో కాలం పట్టదు కూడా. దీనికంటే జాగ్రత్తగా ఆలోచించవలసినది మీ విషయం ఎంతవరకు బయటపెట్టుకోవాలన్నది. మీరు నోరు విప్పితే మీ భార్య లేదా భర్త విషయం, మీ పిల్లల విషయం కూడా ఊహించుకోవడానికి ఇతరులకు అవకాశం దొరుకుతుంది. కనుక ఇంట్లోవారితో ముందుగా కూర్చుని మాట్లాడి, ఎవరికి చెప్పవచ్చు, ఎవరికి చెప్పకూడదు, పిల్లల బడి ఉన్న పేటలో ఈ పని చేయవచ్చా లేదా అన్నవి తేల్చుకోండి. వారు వద్దంటే, వేరే పేటలో పనిచేయడమో, మీ విషయం మీ దగ్గరకు వచ్చినవారికి మాత్రమే చెప్పి వేదికలకు దూరంగా ఉండటమో చేయవచ్చు. దానివల్ల మీ పని విలువ ఏమీ తగ్గదు.

గోప్యత

ఒకరి హెచ్ఐవి విషయం వారి అనుమతి లేకుండా మన నోటి వెంట బయటకు రాకూడదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టం కూడా. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం, తన విషయం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. నమ్మకంతో చెప్పిన విషయాన్ని, ఆ మనిషి పూర్తిగా తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. మంచి ఉద్దేశంతో చెప్పాను అనే సమాధానం ఇక్కడ చెల్లదు.

గోప్యత పోయేది ఎక్కువగా పెద్ద తప్పుల వల్ల కాదు, చిన్న చిన్న అలవాట్ల వల్ల. ఫోనులో పేరు పక్కన ఏఆర్‌టి అని రాసి దాచుకోవడం ఒకటి. మీ ఫోను మీ బావమరిది చేతిలోకి వెళ్లిన రోజున పదిమంది విషయం ఒక్కసారిగా బయటపడుతుంది. వాట్సాప్ గ్రూపులో చేర్చితే అందులో ఉన్నవారందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి కనుక, ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగకుండా ఎవరినీ చేర్చవద్దు. ఫోను చేసినప్పుడు అవతల ఎత్తింది వేరేవారైతే ఏమి చెప్పాలో మొదటి రోజే మాట్లాడుకుని పెట్టుకోవాలి. చీటీ డబ్బుల గురించి, కుట్టుపని గురించి, పాత స్నేహం గురించి, ఏది చెప్పినా ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. ఇంటికి వెళ్లవలసి వస్తే మెడలో సంస్థ గుర్తింపు కార్డు తగిలించుకుని, చేతిలో ఎయిడ్స్ గుర్తైన ఎర్ర రిబ్బన్ బొమ్మ ఉన్న కాగితాలతో వెళ్లకండి. పూర్ణా మార్కెట్లోనో జగదాంబ దగ్గరో ఎదురుపడితే మీరు ముందుగా పలకరించవద్దు, వారు పలకరిస్తే పలకండి. ఈ నియమాన్ని మొదటి పరిచయంలోనే చెప్పి ఉంచితే, మీరు ముఖం తిప్పుకున్నారని వారు బాధపడరు.

మాట్లాడుకునే చోటు కూడా వారే ఎంచుకోవాలి. సాయంత్రం పూట ఆర్.కె. బీచ్‌లో సగం ఊరు ఉంటుంది. అక్కడ కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి పక్కన కూర్చున్న మిమ్మల్ని ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఆసుపత్రి ఆవరణలో ఓ మూల చెట్టు కింద, పగటి పూట, ఎవరి తొందరలో వారుండే చోట కూర్చోవడం నయం. కంచరపాలెంలో ఉండే మనిషి తన పేటకు దగ్గరలోని కేంద్రం వద్దని, బస్సెక్కి దూరంగా ఉన్న కేంద్రానికే వెళ్తానంటే, ఛార్జీలు దండగ కదా అని వాదించవద్దు. ఆ దూరమే వారిని చికిత్సలో నిలబెడుతూ ఉండవచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని ముందుగానే చెప్పాలి. ఆ మనిషి ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం సహాయం కోసం ఇంకొకరితో మాట్లాడతానని మొదటి కలయికలోనే తెలియజేయండి.

మొదటి సంభాషణ

పరీక్ష ఫలితం చేతికి వచ్చిన మొదటి వారంలో మనిషికి చెప్పిన మాటల్లో చాలా వరకు గుర్తుండవు. కనుక మొదటి రోజున తక్కువ మాట్లాడండి. పేరు అడగకండి, వారు చెబితే వినండి. "అన్నా, నాకూ పాజిటివే. మందులు వేసుకుంటున్నాను, పనికి వెళ్తున్నాను. మీకు ఏది అడగాలనిపిస్తే అది అడగండి, ఏమీ అడగాలని లేకపోతే ఊరికే కూర్చుందాం" అనే పాటి మాటలు చాలు. మీ కథ మొత్తం విప్పితే, ఎదుటివారు తమ కష్టం పక్కన పెట్టి మిమ్మల్ని ఓదార్చే స్థితిలో పడతారు.

ఎలా వచ్చింది అని ఎన్నడూ అడగవద్దు. ఆ సమాచారంతో మీకు పనేమీ లేదు, ఆ ప్రశ్న మాత్రం వారిని బోనులో నిలబెడుతుంది. వయసును బట్టి అమ్మా, అన్నా, చెల్లెమ్మా, బాబూ అని పిలవడం మన అలవాటే అయినా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వారు ఏమని పిలిపించుకోవాలనుకుంటున్నారో అడిగి ఆ పిలుపే వాడాలి. వీలైనంతవరకు ఆడవారితో ఆడవారే మాట్లాడటం మంచిది.

దాదాపు అందరూ అడిగేవి మూడు ప్రశ్నలు. నేను ఎంతకాలం బతుకుతాను, ఇంట్లోవారికి అంటుతుందా, పిల్లలు పుడతారా. వీటికి సూటిగా, తెలిసినంత మేరకు జవాబు చెప్పాలి. మందులు క్రమంగా వేసుకునేవారు అందరిలాగే దీర్ఘకాలం జీవించగలరు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూము వాడినా, పిల్లల్ని ముద్దుపెట్టుకున్నా, దోమ కుట్టినా ఇది అంటదు. మందుల వల్ల రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు చేరి, అదే స్థితిలో నిలిచి ఉంటే, లైంగిక సంబంధం వల్ల భాగస్వామికి సోకదు. అయితే ఈ మాట సూదులు పంచుకోవడానికి, తల్లిపాలకు వర్తించదని కూడా చెప్పాలి. తల్లి గర్భిణిగా ఉన్నప్పటి నుంచే మందు వేసుకుంటూ, పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పిన మందు వేసి, పరీక్షలు చేయిస్తే, హెచ్ఐవి లేని బిడ్డను కనడం సాధ్యమే. ఇది ప్రతిరోజూ జరుగుతున్నదే.

చనిపోవాలనిపిస్తోంది అని వారు అంటే, "అలాంటి మాటలు మాట్లాడకూడదు" అని నోరు మూయించవద్దు. ఎలా చనిపోవాలనుకుంటున్నారో, అందుకు ఏమైనా సిద్ధం చేసుకున్నారో మెల్లగా, నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ రాత్రి వారిని ఒంటరిగా వదలకుండా, వారు ఒప్పుకున్న ఒకరిని పక్కన ఉంచాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు అక్కడే కూర్చుని ఫోను కలిపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడికి తోడుగా వెళ్లండి. ఎయిడ్స్ సమాచారానికి ఉచిత నంబరు 1097. మీరు పక్కన లేని వేళల కోసం ఈ రెండు నంబర్లనూ కాగితం మీద రాసి, వాటి పక్కన ఏ పేరూ రాయకుండా ఇవ్వండి.

కేంద్రానికి తోడు వెళ్లిన రోజు

మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఏఆర్‌టి కేంద్రం ఉంది. మన దేశంలో ఈ మందులను ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి వైరస్‌ను ఎదుర్కొనే కణాల (సి.డి.4) లెక్క ఎంతున్నా, హెచ్ఐవి ఉన్న ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు కనుక, ఒంట్లో బాగానే ఉంది కదా, తరువాత చూద్దాం అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు. మొదటి రోజు ఐసిటిసిలో (హెచ్ఐవి పరీక్ష, కౌన్సెలింగు కేంద్రంలో) ఇచ్చిన ఫలితం కాగితం, గుర్తింపు కార్డు తీసుకుని, ఏదైనా తిని, పొద్దున్నే బయలుదేరమనండి. రక్తపరీక్షలు, బరువు, క్షయ లక్షణాల విచారణ, కౌన్సెలింగు అన్నీ కలిసి సగం పూట పట్టవచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అనే నాలుగింటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పమనండి. క్షయ ఉంటే మందులు మొదలుపెట్టే వేళ, మోతాదు కూడా మారుతాయి.

మీరు అక్కడ చేయవలసినది వరుసలో వారి పక్కన ఉండటం, డాక్టరు చెప్పినదాన్ని బయటకు వచ్చాక తేలిక మాటల్లో మళ్లీ చెప్పడం. వైరల్ లోడ్ అంటే రక్తంలో ఎంత వైరస్ ఉన్నదో చూపే లెక్క, సి.డి.4 అంటే దాన్ని ఎదుర్కొనే కణాల లెక్క. ఒకటి తగ్గాలి, రెండోది పెరగాలి. మందు మొదలైన 6 నెలలకు, తరువాత 12 నెలలకు, ఆపైన ఏటా వైరల్ లోడ్ చూస్తారు. ఈ తేదీలను వారితోనే వారి ఫోను క్యాలెండరులో పెట్టించండి. కేంద్రంలో తమకు తెలిసినవారు కనిపిస్తారేమోనన్న భయం చాలామందిని గుమ్మం దగ్గరే వెనక్కి తిప్పుతుంది. అలా కనిపించినవారు కూడా అదే పని మీద వచ్చారన్న సంగతిని అక్కడికి వెళ్లక ముందే చెప్పి ఉంచితే అడుగు కాస్త తేలికగా పడుతుంది.

మందు, ఇల్లు, షిఫ్టు, సముద్రం

ఈ పనిలో ఎక్కువ కాలం గడిచేది ఇక్కడే. ఇప్పుడు ఎక్కువమంది పెద్దవారికి ఇచ్చేది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. దీనిని తిన్న తరువాత గాని, తినక ముందు గాని వేసుకోవచ్చు, కాని ప్రతిరోజూ ఒకే వేళకు వేసుకోవాలి. కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. అటువంటివారు డాక్టరుతో చెప్పి ఉదయానికి మార్చుకోవచ్చు. మాత్ర మరచిపోయినట్టు గుర్తొస్తే ఆ రోజే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు.

సీసా సంగతి ఎవరూ చెప్పరు, అందుకే వివరంగా రాస్తున్నాను. తెల్లటి ప్లాస్టిక్ సీసాలో ముప్పై మాత్రలుంటాయి. నెల సగానికి వచ్చేసరికి సీసా సగం ఖాళీ అయి, సంచిలో పెట్టుకుని నడుస్తుంటే గలగలమని మోగుతుంది. గాజువాక బస్సులో పక్కన కూర్చున్నామె "ఏం మందులమ్మా" అని ఒక్క మాట అడిగిందని ఆ నెల మందు మానేసినవారున్నారు. సీసా మూతి దగ్గర కొంచెం శుభ్రమైన దూది కుక్కితే చప్పుడు ఆగుతుంది. లేబులు చించివేయడం మామూలే, కాని ఆ మాత్ర పేరునూ గడువు తేదీనీ ఫోనులో ఫోటో తీసి దాచుకున్నాకే చించమనండి. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని పారేయకూడదు. సముద్రపు గాలి ఉన్న మన ఊళ్లో మాత్రలు తొందరగా చెమ్మగిల్లుతాయి కనుక, నెల మాత్రలన్నీ వేరే డబ్బాలో పోయడం మంచిది కాదు. ప్రయాణానికి రెండు మూడు రోజుల మాత్రలు మాత్రం చిన్న మూత డబ్బీలో వేసుకోవచ్చు. వంటింట్లో పొయ్యి దగ్గర, కిటికీలో ఎండ తగిలే చోట పెట్టవద్దు. బీరువాలో చీరల మధ్య, కుట్టుమిషను సొరుగులో, పనిముట్ల పెట్టెలో, ఆ ఇంట్లో ఇతరులు చేయిపెట్టని చోటు ఏదైతే అది.

ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారికి "ప్రతి రాత్రి తొమ్మిదికి" అన్న సలహా నప్పదు. ఈ వారం తొమ్మిదింటికి నిద్ర, వచ్చే వారం తొమ్మిదింటికి డ్యూటీకి బయలుదేరే వేళ. మూడు షిఫ్టుల్లోనూ మెలకువగా, ఇంట్లోనో దారిలోనో ఉండే వేళ ఏదో ఆ మనిషితో కూర్చుని కాగితం మీద గీసి కనిపెట్టండి. కార్తీక మాసంలో ఉపవాసాలుండేవారికి, రంజాన్ నెలలో ఉపవాసం పాటించేవారికి కూడా ఇలాగే, తినే వేళకో, తెల్లవారకముందు తినే సహరీ వేళకో కలిపి ముందుగా మార్పు చేసుకోవాలి. ఈ మార్పును డాక్టరుకు తెలియజేయమనండి.

హార్బరులో మరపడవల మీద వెళ్లేవారు ఒకసారి బయలుదేరితే రోజుల తరబడి తిరిగి రారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కనుక, పరీక్షలు, డాక్టరును కలవడం, మందు వేళ మార్చుకోవడం వంటి పనులన్నీ ఆ రెండు నెలల్లో పూర్తిచేయించడం తెలివైన పని. నిషేధం ముగిసే ముందు, స్థిరంగా మందు వేసుకుంటున్నవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలుందేమో కేంద్రంలో అడిగించండి. పడవలో దాచుకోవడానికి నీరు చొరని మూత డబ్బా కావాలి, ఉప్పునీటి చెమ్మ తగిలితే మాత్రలు పాడవుతాయి. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లేవారు, హైదరాబాదుకూ చెన్నైకూ కూలి పనికి వెళ్లేవారు బయలుదేరే ముందే ఏఆర్‌టి కేంద్రంలో చెబితే, అక్కడి కేంద్రంలో మందు తీసుకునేందుకు కాగితాలు ఇస్తారు. చెప్పకుండా వెళ్లినవారికే మందు ఆగిపోతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద విరుచుకుపడినప్పుడు కరెంటు, ఫోన్లు, రోడ్లు రోజుల తరబడి స్తంభించాయి. సీసాలో చివరి మాత్ర మిగిలేదాకా ఆగి కేంద్రానికి వెళ్లే అలవాటు అటువంటి వేళ ప్రమాదం. అక్టోబర్, నవంబర్ నెలలు రాకముందే, ఎప్పుడూ ఒక వారం మందు చేతిలో మిగిలి ఉండేలా కేంద్రానికి వెళ్లే తేదీని ముందుకు జరిపించండి. ఏజెన్సీ నుంచి ఘాట్ రోడ్డు దిగి రావలసినవారికి వానాకాలమంతా ఇదే జాగ్రత్త కావాలి.

ఇతర మందులతో పేచీ ఉంటుంది, దాన్ని అందరూ నిర్లక్ష్యం చేస్తారు. గ్యాసుకని దుకాణంలో కొనుక్కునే యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. వాటికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తరువాత గాని మన మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ ఇదే లెక్క, అయితే కడుపునిండా తిన్నప్పుడైతే వాటిని కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఈ రెండూ ఇస్తారు కనుక వారికి తప్పకుండా చెప్పండి. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వేసుకునేవారు, క్షయకు రిఫాంపిసిన్ వేసుకునేవారు ఏఆర్‌టి డాక్టరుకు తప్పక చెప్పాలి, మోతాదులు మార్చవలసి ఉంటుంది. మోతాదు ఎంత అన్నది మీరు చెప్పవద్దు. ఇక హెచ్ఐవిని పూర్తిగా నయం చేస్తామని చెప్పే పసరు మందులవారి దగ్గరకు, పొడులవారి దగ్గరకు మనవాళ్లు ఇప్పటికీ వెళ్తున్నారు, బంగారం తాకట్టు పెట్టి మరీ వెళ్తున్నారు. ఎయిడ్స్‌ను నయం చేస్తుందని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని దేశంలోని ఔషధ నిబంధనలే నిషేధించాయి. వెళ్లినవారిని తిట్టవద్దు. ఏఆర్‌టి మాత్ర మాత్రం ఆపవద్దని బతిమాలైనా చెప్పండి.

వైరల్ లోడ్ ఎక్కువగా వచ్చినప్పుడు "ఎన్ని మానేశారు" అని అడిగితే "ఒక్కటీ మానలేదు" అనే జవాబే వస్తుంది. "ఈ నెలలో మందు వేసుకోవడం ఏ రోజు కష్టమైంది" అని అడిగి చూడండి. మరదలి పెళ్లి, మొగుడు తాగి గొడవ చేసిన రాత్రి, కరెంటు పోయి సీసా దొరకని రోజు, ఒక్కొక్కటే బయటకు వస్తాయి. ఆ ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఏర్పాటు ఆలోచించడమే మనం చేయగలిగినది.

భార్యకు, భర్తకు చెప్పడం

ఈ విషయంలో మన హద్దు స్పష్టంగా తెలుసుకోవాలి. ఒకరి విషయం వారి భాగస్వామికి మీరు చెప్పకూడదు, ఎంత అన్యాయంగా కనిపించినా చెప్పకూడదు. చట్టం ఆ వీలును డాక్టరుకు, కౌన్సెలరుకు మాత్రమే, అదీ కొన్ని షరతుల మీదే ఇచ్చింది. చెబితే కొడతారనో వదిలేస్తారనో భయానికి తగిన కారణముంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, వారు కూడా చెప్పకూడదని ఆ చట్టమే అంటోంది. మరోవైపు, తనకు హెచ్ఐవి ఉన్నదని తెలిసిన మనిషి అది ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలని కూడా అందులో ఉంది. కనుక చెప్పేవరకు కండోమ్ వాడటం గురించీ, మందు తప్పకపోవడం గురించీ నిక్కచ్చిగా మాట్లాడండి.

చెప్పడానికి సిద్ధపడినవారికి మీరు సాయపడగలిగేది ముందుగా ఆ మాటలు పలికించడంలో. మొదటి వాక్యం ఏమిటి, ఆ వేళ పిల్లలు ఎక్కడుంటారు, కోపం వస్తే ఎవరింటికి వెళ్లాలి, మర్నాడు ఇద్దరూ కలిసి కౌన్సెలరును కలవగలరా, ఇవన్నీ ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలి. మీరే భార్యో భర్తో అయినట్టు ఎదురుగా కూర్చుని ఆ మాటలు వినండి. చాలామంది "నన్ను క్షమించు" అని మొదలుపెడతారు. "నేను నీకు ఒక విషయం చెప్పాలి, దీనికి మందు ఉంది, నువ్వు కూడా పరీక్ష చేయించుకోవాలి" అని మొదలైన సంభాషణ ఇంకో దారిలో నడుస్తుంది.

పుట్టిన బిడ్డకు ఆరు వారాల వయసులో చేసే రక్తపరీక్షను, 18 నెలలకు చేసే నిర్ధారణ పరీక్షను తప్పిపోనివ్వకండి. పుట్టింటికి, అత్తింటికి మధ్య తిరిగే రోజుల్లో మొదటిది, బిడ్డ ఆడుకుంటూ బాగానే ఉంది కదా అన్న ధీమాతో రెండోది తప్పిపోతుంటాయి.

పింఛను, ఫిర్యాదు, సమావేశం

రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద ఏఆర్‌టి మందు వాడుతున్న అర్హులకు నెలకు 4,000 రూపాయలు పింఛను ఉంది. అర్జీ విషయంలో తొందరపెట్టే ముందు, ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది, డబ్బు ఇంటికి తెచ్చి ఇస్తారా, ఖాతాలో పడుతుందా అన్నది ఏఆర్‌టి కేంద్రంలో తెలుసుకుని ఆ మనిషికి చెప్పండి. సచివాలయంలో పనిచేసే పిల్ల తమ వీధి పిల్లే అయితే, కొందరు ఆ డబ్బు వదులుకోవడానికైనా సిద్ధపడతారు. అది వారి నిర్ణయం.

ఉద్యోగంలోనో, ఆసుపత్రిలోనో, అద్దె ఇంట్లోనో హెచ్ఐవి కారణంగా వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. వందమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న సంస్థలోనూ, ఇరవైమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న వైద్య సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్ర స్థాయిలో ఇటువంటి ఫిర్యాదులు విచారించే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. కోర్టులో అసలు పేరు బయటపడకుండా మారుపేరుతో విచారణ జరపమని కోరే హక్కు ఉంది. ఈ చివరి విషయం తెలియకనే ఎంతోమంది అన్యాయాన్ని దిగమింగుకుంటున్నారు, కనుక ముందు దీన్నే చెప్పండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా అర్హులకు ఉచితంగా వకీలు దొరుకుతారు.

పదిమందిని ఒకచోట కూర్చోబెట్టే సమావేశాల గురించి ఒక్క మాట. ఫోటోలు వద్దు, హాజరు పుస్తకంలో ఇంటిపేర్లు వద్దు, సంస్థవారు నివేదిక కోసం అడిగినా వద్దు. డిసెంబర్ 1న ఎయిడ్స్ దినం నాడు ఎవరినో వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఆ మాటలకు చప్పట్లు కొట్టినవారు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఆ మనిషి మాత్రం అదే వీధిలో ఉండాలి. తనంతట తానుగా, ఇంట్లోవారితో మాట్లాడుకుని, ముందుకు వచ్చినవారి సంగతి వేరు.

మీ హద్దులు, పని ముగించడం

మీ మందు ఇంకొకరికి ఇవ్వవద్దు, ఒక్క రోజుకైనా. అప్పు ఇవ్వవద్దు, తీసుకోవద్దు. మీ దగ్గర ఆసరా వెతుక్కుంటున్న మనిషితో ప్రేమ, పెళ్లి ప్రస్తావనలు పెట్టుకోవద్దు. అటువంటిది మొదలైందనిపిస్తే వారిని మరొక పీర్ కౌన్సెలరుకు అప్పగించి తప్పుకోండి. రాత్రి ఎన్ని గంటల వరకు ఫోను ఎత్తుతారో ముందుగా చెప్పండి, ఆ తరువాత వచ్చే అవసరాలకు 14416 నంబరు వారి దగ్గర ఉండాలి. ఒకరి చావు కబురు విన్న వారంలో కొత్త మనిషిని కలవకండి. మీకూ మాట్లాడుకోవడానికి ఒక కౌన్సెలరో, ఇదే పనిలో పాతుకున్నవారో ఉండాలి, వారితో కూడా పేర్లు చెప్పకుండానే మాట్లాడండి.

మొదటి నెలలో వారానికి ఒకటి రెండుసార్లు, తరువాత పదిహేను రోజులకోసారి, వైరల్ లోడ్ తగ్గిన ఫలితం వచ్చాక నెలకోసారి, ఆపైన వారే పిలిచినప్పుడు కలవడం నేను పాటించే వరుస. ప్రతిసారీ తరువాతి కలయిక తేదీ చెప్పి లేవండి, చెప్పిన తేదీకి తప్పక వెళ్లండి. వెళ్లలేకపోతే ముందు రోజే కబురు పెట్టండి. వారు ఫోను ఎత్తడం మానేస్తే వెంటపడి ఇంటికి వెళ్లకుండా, మొదటి రోజు ఇద్దరూ అనుకున్న మాటతోనే ఒక సందేశం పంపి, ఏఆర్‌టి కేంద్రంలో మందు తీసుకున్నారో లేదో అక్కడి కౌన్సెలరు చూసుకునేలా చెప్పండి. మందు తీసుకుంటూ ఉన్నారని తెలిస్తే, వారి నంబరును మీ ఫోనులోంచి తొలగించండి.